షఫీగా దత్తా తెచ్చుకున్న నలభయ్యో మగవాడు

మా దిగుఫునా దీవిలో ఆడవాళ్ళు ఎంతమందో ఎవరూ ఎన్నడూ లెక్కపెట్టలేదు. అవసరం పడలేదు. తెల్లవారగానే ఇసుక వీధులు ఊడ్చేదీ, చేప ఉడకబెట్టేదీ, కొబ్బరిపీచు నానబెట్టి తాడు పేనేదీ వాళ్ళే అయినా, దీవి ఊరా కాదా అని తేల్చే లెక్కలోకి వాళ్ళు రారు. ఆ లెక్క శుక్రవారం మసీదులో తేలుతుంది. ఊళ్ళో కాపురమున్న పెద్ద మగవాళ్ళు నలభైమంది జుమా నమాజుకు నిలబడితే అది ఊరు. దానికి బడి ఉంటుంది, మందుల గది ఉంటుంది, సరుకుల దోనీ వచ్చి ఆగుతుంది. ముప్ఫైతొమ్మిది మందే నిలబడితే అది కొబ్బరితోట. కొబ్బరితోటకి గ్రంథాలయం దేనికి?

ఆ ఆఖరి ప్రశ్నే షఫీగా దత్తా బతుకును తినేసింది.

పూర్తిపేరు హవ్వా షఫీగా. దత్తా అంటే అక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమెను దత్తా అనే పిలిచేవారు. గ్రంథాలయం తాళంచెవి ఆమె మొలనుంటుందన్న గౌరవం కొంత, మర్యాద తప్పితే కథలో పెట్టేస్తుందన్న భయం ఎక్కువ.

గ్రంథాలయమంటే దీవి ఆఫీసు పక్కన పగడపురాతి గోడల గది. అంతకుముందు అందులో ఎండుచేపలు దాచేవారు. గోడలకు సున్నం ఎన్నిసార్లు కొట్టినా చేప తన హక్కు వదులుకోలేదు. మా పిల్లలు చాలాకాలం విద్య వాసన అదేననుకున్నారు. పుస్తకాలు రాజధాని మాలే నుంచీ, మాలేకి ఎక్కడెక్కడి దేశాల నుంచో దయతలచి వచ్చేవి. ఆ దయకు ఎంపిక ఉండేది కాదు. రోడ్డే లేని మా ఊరికి ట్రాక్టరు మరమ్మతుల మీద రెండు సంపుటాలు వచ్చాయి. మంచు కొండల్లో గొర్రెల పెంపకం మీద బొమ్మలున్న లావుపాటి పుస్తకం ఒకటి వచ్చింది. మేమెవరమూ గొర్రెను చూడలేదు, మంచును అంతకన్నా చూడలేదు. అయినా అన్నిటికన్నా ఎక్కువమంది చేతుల్లో నలిగింది ఆ పుస్తకమే. చేపల వేటకు వెళ్ళే మగవాళ్ళు మధ్యాహ్నం వచ్చి ఆ తెల్లటి కొండల్ని చూసి, "ఇంత ఉప్పు ఎవరు ఆరబెట్టార్రా!" అని ఆశ్చర్యపోయి వెళ్ళేవారు.

షఫీగా దత్తా కథలు రాసేది. రాసినవాటిలో ఒకటి మాలే రేడియోలో వచ్చింది. ఆ సాయంత్రం ఊరంతా ఒడ్డున వలకుర్చీల్లో చేరి, ఉన్న ఒక్క రేడియో చుట్టూ మూగింది. కథానాయిక పడవెక్కబోతుండగా బ్యాటరీ అయిపోయింది. మర్నాడు ఒక్కొక్కరే గ్రంథాలయానికి వచ్చి ముగింపు అడిగారు. ఎవరికి ఏది నప్పుతుందో అది చెప్పి పంపింది. దాంతో రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి. సాహిత్యం సమాజాన్ని కదిలిస్తుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఖతీబు భార్య సఫూరా ఒకరోజు నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది. మా ఊళ్ళో ఖతీబంటే ఊరి పెద్ద, నమాజు చేయించేదీ ఆయనే.

"ఏం దత్తా, నీ కొత్త కథలో గయ్యాళి ముక్కు ఎవరిది?"

"ఎవరిదీ కాదు సఫూరా. కల్పన."

"కల్పనకి కుడిపక్క పుట్టుమచ్చ ఉంటుందా?"

"నీకుందా? ఏదీ, చూడనీ. అరే, ఉందే!"

సఫూరా ఆ కథను ముగ్గురు కోడళ్ళచేత చదివించుకుని, ముక్కు బాగా వచ్చిందని లోలోపల సంతోషించిందని తర్వాత తెలిసింది.

ఇక మొగుళ్ళ సంగతి. మా దీవుల్లో విడాకులు గాలివాన లాంటివి. వస్తాయి, పోతాయి, పైకప్పు సర్దుకుని జనం మళ్ళీ పనిలో పడతారు. షఫీగా దత్తా మొదటి మొగుడు రాత్రిళ్ళు దీపం నూనె రాతకే అయిపోతోందని వదిలేశాడు. రెండోవాడు తను కథలో కనబడ్డానని వదిలేశాడు. నిజానికి కనబడలేదు. కనబడేటంత సరుకు అతనిలో లేదని దత్తా చెప్పింది, అది అతన్ని ఇంకా నొప్పించింది. ఆ తర్వాత ఆమె ఇక పెళ్ళి మాట ఎత్తలేదు. ఇల్లు తనది, తాళంచెవి తనది, రాసుకునే తీరిక తనది.

అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. ఈలోగా మగవాళ్ళు తగ్గడం మొదలైంది. కొందరు మాలేకి కూలిపనికి, కొందరు కొత్తగా వెలిసిన పర్యాటక దీవుల్లో గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయారు. ఖతీబు జకరియ్యా ప్రతి శుక్రవారం నమాజుకు ముందు వరసలకేసి చూసే చూపులో భక్తికన్నా గణితం ఎక్కువైంది. ఎవరికి జ్వరం వచ్చినా మొదట ఆయనకే చెమట పట్టేది. మూసా కలో అనే ముసలాయన్ని కుర్చీతో సహా ఎత్తి తెచ్చి చివరి వరసలో పెట్టేవారు. ఆయన నిద్రలోనే లెక్కకు వచ్చేవాడు. ఊరు ఆయన గురక మీద నిలబడి ఉందని మేమనుకునేవాళ్ళం.

వానల కాలంలో ఆ గురక ఆగిపోయింది.

అంత్యక్రియల్లో ఖతీబు ఏడ్చిన ఏడుపు చూసి మూసా కలో కొడుకే ఓదార్చాల్సి వచ్చింది. "ఊరుకోండి ఖతీబు గారూ, నిండు బతుకు బతికాడు."

"ఇంకొక్క ఏడాది బతకాల్సిందిరా," అన్నాడు జకరియ్యా. "కబురొచ్చింది. రంజాన్ అయిపోయాక పైవాళ్ళు లెక్కకొస్తారట."

ఆ సాయంత్రం ఖతీబు గ్రంథాలయానికి వచ్చి వలకుర్చీలో కూలబడ్డాడు. వెనకాలే సఫూరా. దత్తా పుస్తకాల్లో పడ్డ వెండిపురుగుల్ని కోడి ఈకతో దులుపుతోంది.

"ముప్ఫైతొమ్మిది," అన్నాడాయన. "ఊరెత్తేస్తారు. అందర్నీ పక్క దీవి ఓళుగలకి తోలేస్తారు."

"మరి ఇవి?" అంది దత్తా పుస్తకాలు చూపించి.

"మనుషుల గురించి మాట్లాడుతుంటే ఇవేంటమ్మా? ఓళుగలలో వాళ్ళ గ్రంథాలయం వాళ్ళకుంది. నీ గదికి వచ్చే పుస్తకాలు ఊరి పేరు మీద వస్తాయి. ఊరే లేకపోతే గదెక్కడిది, నువ్వెక్కడ?"

దత్తా కోడి ఈక కింద పెట్టింది.

"మగాణ్ణి తెచ్చుకోవాలి," అంది సఫూరా గోడకేసి చూస్తూ. "బయటి ఊరివాడు మన ఊరి ఆడదాన్ని చేసుకుని ఇక్కడే ఉంటే లెక్కకొస్తాడు. మన ఊళ్ళో మొగుడు లేనివాళ్ళు ఎవరున్నారబ్బా?"

"సఫూరా, నువ్వు గోడతో మాట్లాడుతున్నావా, నాతోనా?"

"గోడకి మొగుడు అక్కర్లేదు దత్తా."

ఆమె ఆ వారమంతా ఏమీ రాయలేదు. తర్వాత ఒక పొద్దున దోనీ ఎక్కి ఓళుగలకు వెళ్ళింది.

అక్కడి యూనుస్ ఫుళు కొబ్బరిచెట్లు గీసేవాడు. తీపి రసం దించి, కాచి, పాకం పట్టి అమ్మేవాడు. భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. మాట తక్కువ. చెట్టు మీద ఎక్కువసేపు ఉండేవాడికి కింద మాట్లాడే అలవాటు పోతుంది. అతనింటి మంచినీళ్ళ బావి దగ్గర నిలబడి షఫీగా దత్తా, మా దీవుల్లో మగవాళ్ళ పేరుకు మర్యాదగా తగిలించే 'బే' తగిలించి, అడగాల్సింది సూటిగా అడిగింది.

"యూనుస్ బే, నన్ను నికా చేసుకుంటావా?"

అతను చేద దించాడు. "ఎందుకు?"

"మా ఊళ్ళో ఒక మగాడు తక్కువయ్యాడు."

"నేను సరిపోతానా?"

"నువ్వు నిలబడితే చాలు."

"సరే," అన్నాడు యూనుస్.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ రెండు విడాకులు మనిషికి జాగ్రత్త నేర్పుతాయి. దత్తా తొందరగా అంది: "ఒక మాట. లెక్క అయిపోయాక నీ ఊరికి నువ్వు పోవచ్చు. నేను పట్టుకుని వేలాడను. నా ఇల్లు నాకుంటుంది, నీ చెట్లు నీకుంటాయి."

"సరే," అన్నాడు మళ్ళీ. మొదటి సరేకీ రెండో సరేకీ తేడా ఉందని కథలు రాసే మనిషి గమనించాల్సింది. గమనించలేదు.

నికాకు ఊరంతా తరలివచ్చింది. ఇంత సమష్టి హితం కోసం జరిగిన పెళ్ళి మా దీవుల చరిత్రలో మరొకటి ఉండదు. జకరియ్యా వరుణ్ణి కౌగిలించుకుని వదల్లేదు. "ఎలా ఉన్నావు? ఆరోగ్యం? దగ్గు ఏమీ లేదుగా?" అని పదేపదే అడిగాడు. ఊరి ఆడవాళ్ళు అతనికి వంతులేసుకుని రొట్టెలూ తూర చేప చారూ పంపారు. చెట్టెక్కుతానంటే మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు. "పడితే?" అన్నారు. ఊరు ఊరంతా తన కాళ్ళూ చేతుల మీద ఇంత శ్రద్ధ చూపడం యూనుస్‌కు ఇబ్బందిగా ఉండేది.

చెట్టెక్కని చెట్టుమనిషి ఏం చేస్తాడు? గ్రంథాలయంలో కూర్చున్నాడు. చదువు అంతంతమాత్రం. గొర్రెల పుస్తకం తెరిచి ఒక్కో బొమ్మా చాలాసేపు చూసేవాడు. అందరిలా ఉప్పు అనలేదు.

"షఫీగా, ఇది కరుగుతుందా?"

"కరుగుతుందట. చలి పోతే నీళ్ళయిపోతుంది."

"అయితే ఈ గొర్రెలవాడు ప్రతి ఏడాదీ కొండ పోగొట్టుకుంటాడన్నమాట," అన్నాడు. దత్తా తలెత్తి చూసింది. ఇరవై ఏళ్ళుగా ఆ గదికి వచ్చినవాళ్ళెవరూ అలాంటి మాట అనలేదు.

ఆ తర్వాత ఆమె అతనికి తన కథలు చదివి వినిపించడం మొదలుపెట్టింది. మొదటి కథకు నిద్రపోయాడు. రెండో కథకు సగం దాకా మెలకువగా ఉన్నాడు. మూడోది అయిపోయాక, "ఆ పిల్ల పడవెక్కకుండా ఉండాల్సింది," అన్నాడు.

"ఎందుకు?"

"ఎవరైనా ఉండమంటే ఉండేది. ఎవరూ అనలేదు."

"అనాలా? తనకి తెలీదా?"

"అంటే తెలుస్తుంది," అన్నాడు యూనుస్. దత్తా ఆ వాక్యం బాగుందని మనసులో పెట్టుకుంది, ఎప్పుడైనా కథలో వాడుకోవచ్చని. అంతకుమించి ఇంకేమీ చేయలేదు. రచయితల జబ్బు అది. చేతికందిన పండును బొమ్మ గీసుకుని చెట్టుకే వదిలేస్తారు.

రంజాన్ నెల దాటబోతుండగా అతను ఇంటివెనక కొబ్బరిచెట్టును తడిమి చూశాడు.

"ఈ చెట్టు మంచిది. కాని కొత్తగా గీస్తే రసం కుదురుకోడానికి చాన్నాళ్ళు పడుతుంది. గీయనా?"

అది చెట్టు గురించిన ప్రశ్న కాదని సఫూరాకు కూడా అర్థమైంది. ఆమె ఆ సమయంలో గోడవతల నుంచి వింటోంది కాబట్టి మాకు తెలిసింది. దత్తా చీపురు ఆపకుండా, "నీ ఇష్టం యూనుస్ బే. నీ చెట్లు నీకున్నాయిగా అక్కడ," అంది.

అతను చెట్టు మీంచి చెయ్యి తీసేశాడు.

"నీ నోట్లో ఇసుక పొయ్య!" అంది సఫూరా గోడవతలే. ఆ రోజంతా ఆమెకు అన్నం సయించలేదట.

లెక్క శుక్రవారం వచ్చింది. వచ్చిన అధికారి పెద్దవయసువాడు కాదు. మెత్తటి మనిషి, మాట మర్యాదగా ఉంది. దోనీ దిగుతూ సముద్రపు వాంతులతో పచ్చబడి ఉన్నా, అందరికీ సలాము చెప్పాడు. ఇలాంటివాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం, అదీ మా దురదృష్టం. ఆడవాళ్ళు మసీదు గోడపక్క పనసచెట్టు నీడలో కూర్చున్నారు. గోడకు కన్నాల రాళ్ళు ఉండేవి, లోపలి మాట బయటికి వినబడేది.

నమాజు అయ్యాక వరసలు చెదరకుండా అధికారి ఒక్కొక్కరి ముందూ ఆగాడు. పేరు, ఇల్లు, ఈ ఊరివాడివేనా. ధర్మశాస్త్రం ప్రకారం దారిన పోయే ప్రయాణికుడు ఆ నలభైలోకి రాడు. కాపురస్థుడే రావాలి. ఇది మా ఊళ్ళో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన విషయాన్ని ఎవరూ ఎవరికీ గుర్తుచేయరు కాబట్టి, యూనుస్‌కు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఊళ్ళో పుట్టని పాత్రలకు కూడా మాటలు రాసిపెట్టిన షఫీగా దత్తా సొంత మొగుడికి ఒక్క మాట రాసివ్వలేదు.

"పేరు?"

"యూనుస్ ఫుళు. షఫీగా ఇల్లు."

"పుట్టింది ఓళుగలలో కదూ? ఇక్కడే ఉండిపోతారా?"

యూనుస్ అబద్ధమాడే మనిషి కాదు. ఆడినా, ఒళ్ళు కడుక్కుని, ఇప్పుడే సాష్టాంగపడి లేచిన చోట ఆడడు.

"లెక్క అయిపోయాక వెళ్ళిపోవాలండి," అన్నాడు.

జకరియ్యా కళ్ళు మూసుకున్నాడు.

"మీరు వెళ్ళాలనుకుంటున్నారా?" అధికారి గొంతు ఇంకా మెత్తబడింది. పాపం, అతనికీ లెక్క నలభై అయితే బాగుండుననే ఉంది.

"నేననుకోలేదండి. ఆవిడ వెళ్ళమంది. ఉండమంటే ఉంటాను."

పనసచెట్టు కింద సఫూరా, దత్తా భుజం పట్టి ఊపింది. "చెప్పవే! నోరు లేదూ? అను!"

దత్తా లేచి నిలబడింది. కన్నాల రాళ్ళ దగ్గరికి వెళ్ళి, "ఉండు యూనుస్ బే," అంది. "ఉండు."

లోపల మగవాళ్ళంతా ఊపిరి పీల్చుకున్నారు. అధికారి గోడకేసి తిరిగాడు. ఒక్క అడుగు ముందుకు వేసి, తలవంచుకుని అడిగాడు.

"అమ్మా, నన్ను తప్పు పట్టకండి. దేవుడి ఇంట్లో అడుగుతున్నాను. ఆయన్ని నిజంగా ఉండమంటున్నారా, ఈ లెక్క కోసం ఉండమంటున్నారా?"

చిన్న ప్రశ్న. అవుననో కాదనో ఒక్క మాట చాలు. రేడియో కథకు ఊరంతటికీ తలో ముగింపు అల్లి చెప్పిన మనిషి ఆ గోడకు నుదురు ఆనించి నిలబడిపోయింది. గొర్రెల కొండ గురించి అతనన్న మాట ఆమెకు గుర్తొచ్చిందో, అలమరల్లోని పుస్తకాలు గుర్తొచ్చాయో, రెండూ ఒకేసారి వచ్చాయో. ఆఖరికి నిజమే చెప్పింది.

"నాకు తెలీడం లేదు బాబూ."

అధికారి కలం పట్టుకుని వెంటనే రాయలేదు. వేరే జవాబు వస్తుందేమోనని ఎదురుచూశాడని మేమంతా ఒప్పుకుంటాం. రాలేదు. ముప్ఫైతొమ్మిది అని రాసుకుని, భోజనం చేయకుండానే దోనీ ఎక్కాడు.

ఊరు ఎత్తేయడం పెద్ద పనేం కాదు. తలుపులు ఊడదీశారు, మంచాలు దోనీలకెత్తారు, కోళ్ళ కాళ్ళు కట్టారు. గోరీల దగ్గర ఒకరోజు కూర్చున్నారు. దత్తాను ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె తర్వాత చెప్పింది. సఫూరా ఒక్కతే పడవెక్కేముందు ఆమె దగ్గరకొచ్చి, "ఇదంతా రాస్తావా?" అనడిగింది.

"రాయను."

"రాయి. నా ముక్కు పెట్టు, ఏం పర్లేదు," అంటూ ఏడ్చింది.

పుస్తకాల పెట్టెలు యూనుసే మోశాడు. ఓళుగల రేవులో అవి రెండు రోజులు ఉండిపోయాయి. అక్కడి గ్రంథాలయాధికారి పెద్దమనిషి, పుస్తకాలు పాడవకూడదని తన గది ఎప్పుడూ తాళం తీయడు. "మా దగ్గర చోటు లేదమ్మా. పైగా ఇవి చేప కంపు," అన్నాడు.

"ఓ మూల సర్దుకుంటాను. నేనే చూసుకుంటాను. జీతం వద్దు," అంది దత్తా.

"అలా ఎలా కుదురుతుంది? ఆ ఊరి పుస్తకాలు ఆ ఊరికే చెందుతాయి. ఆ ఊరేమో లేదు. కాబట్టి ఈ పుస్తకాలూ లేవు. లేనివాటిని ఎక్కడ సర్దుకుంటావు?"

ఇంత చక్కటి తర్కానికి ఎదురుచెప్పడం ఎవరి తరమూ కాదు. మూడో రోజు వాన పడింది. యూనుస్ తన పాకం కాచే పాకలోకి పెట్టెలు చేర్చేసరికి సగం ఉబ్బిపోయాయి. ట్రాక్టరు సంపుటాలు బాగానే ఉన్నాయి. దత్తా అచ్చు వేయించుకున్న ఒకే ఒక్క కథల పుస్తకం ప్రతులు ముద్దకట్టి ఒకదానికొకటి అతుక్కున్నాయి. తర్వాతి నెలల్లో ఒక్కొక్కటే పొయ్యి రాజేయడానికి పనికొచ్చాయి. ఆమే ఇచ్చింది. తడికాగితం మండదని యూనుస్ అంటే, "ఆరబెట్టు, మండుతుంది," అంది.

ఆమె అతనింట్లోనే ఉంది, ఇంకెక్కడుంటుంది? పాకం కలిపేది, వీధి ఊడ్చేది. ఏమీ రాసేది కాదు. యూనుస్ చెట్లు దిగివచ్చి ఎప్పుడైనా, "ఓ కథ చెప్పవూ," అంటే, "బ్యాటరీ అయిపోయింది," అనేది. అతను నవ్వబోయి ఆగిపోయేవాడు.

ఒక్క విషయంలో మాత్రం ఆమె ఊరుకోలేదు. ప్రయాణంలో ఉన్నవాళ్ళు నాలుగు రకాతుల నమాజును, అంటే నాలుగుసార్లు వంగి లేచే నమాజును, రెండుకు తగ్గించుకోవచ్చు. కొద్దిరోజులే ఆ సడలింపు, ఒకచోట స్థిరపడితే పూర్తిగా చేయాలి. షఫీగా దత్తా ఓళుగలలో దిగిన రోజు నుంచీ రెండే చేసేది. నెలలు గడిచినా రెండే. ఆడవాళ్ళ నమాజు గదిలో ఇది చూసి చూసి, అక్కడి ఖతీబు భార్య ఒకరోజు పట్టుకుంది.

"ఏమ్మా, ఎన్నాళ్ళింకా ప్రయాణం? ఇల్లుంది, మొగుడున్నాడు, పొయ్యి మీద గిన్నె ఉంది. ఇలా చేస్తే చెల్లదు, తెలుసా?"

"తెలుసు."

"మరి? ఎప్పుడు దిగుతావు?"

షఫీగా దత్తా చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

"దిగడానికి ఒడ్డు చూపించండి, దిగుతాను," అని బయటికి నడిచింది. గుమ్మం దగ్గర యూనుస్ నిలబడి ఉన్నాడు. అతను ముందూ ఆమె వెనకా, పాకం పొయ్యి ఆరిపోకముందే ఇంటికి చేరారు.